పిల్లలకు గాంగ్రీన్ గురించి చెప్పడం ఎలా: పెద్దల కోసం సమగ్ర మార్గదర్శి

గాంగ్రీన్ పిల్లలకు అరుదుగా వస్తుంది గాని, పిల్లల చెవిన మాత్రం తరచుగానే పడుతుంది. తాతయ్యకో నానమ్మకో ఏళ్ల తరబడి షుగరు ఉంటుంది, కాలికి తగిలిన చిన్న దెబ్బ ఎంతకూ మానదు, కొన్నాళ్లకు వేలు నల్లబడుతుంది, ఒక రోజు డాక్టరు "తీసెయ్యాలి" అంటారు. ఆ మాటను పెద్దలు పక్క గదిలో గొంతు తగ్గించి చెప్పుకుంటారు. గొంతు తగ్గిందంటే పిల్లలు చెవులు రిక్కిస్తారు. విన్నది సగమే కనుక మిగతా సగాన్ని తామే కల్పించుకుంటారు, ఆ కల్పన చాలాసార్లు నిజం కన్నా భయంకరంగా ఉంటుంది.

తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ, పిల్లలతో మాట్లాడవలసివచ్చే ఆసుపత్రి సిబ్బందికీ ఉపయోగపడేలా ఇక్కడ ఒక క్రమాన్ని సూచిస్తున్నాను. అందులో ముఖ్యమైనది ఒక్కటే: నల్లబడిన వేలితో మొదలుపెట్టకండి, రక్తం చేసే పనితో మొదలుపెట్టండి. రక్తం ఏం చేస్తుందో తెలిసిన పిల్లలకు, అది అందకపోతే ఏమవుతుందో సగం దానంతటదే అర్థమవుతుంది. వేలితో మొదలుపెడితే వారి మనసు ఆ నలుపు దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత మనం చెప్పేదేదీ బుర్రకెక్కదు.

మొదటి అడుగు: ముందు మీరు తెలుసుకోండి

శరీరంలో ఏదైనా ఒక భాగంలోని కణజాలం చచ్చిపోవడమే గాంగ్రీన్. ఆ భాగానికి రక్తం అందకపోవడం ఒక కారణం, తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ మరో కారణం. తరచుగా రెండూ తోడవుతాయి, ఎందుకంటే రక్తం చేరని చోటికి సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల రక్తకణాలూ చేరవు, రోగి వేసుకున్న యాంటీబయాటిక్ మందూ చాలినంతగా చేరదు.

పొడి గాంగ్రీన్ నెమ్మదిగా వస్తుంది. ధమనులలో కొవ్వు పేరుకుని అవి ఇరుకైనప్పుడు, గుండెకు బాగా దూరంగా ఉండే కాలి వేళ్లకు ముందు దెబ్బ తగులుతుంది. అక్కడి చర్మం చల్లబడి, ఎండి, ముడుచుకుపోయి, గోధుమ రంగులోకీ, ఊదా కలిసిన నీలంలోకీ, చివరకు నలుపులోకీ మారుతుంది. బతికున్న చర్మానికీ చచ్చిన చర్మానికీ మధ్య కొన్నాళ్లకు స్పష్టమైన గీత ఏర్పడుతుంది. తడి గాంగ్రీన్ అలా కాదు. ఇన్ఫెక్షన్ కారణంగా వాపు, నీటి పొక్కులు, చీము, దుర్వాసన ఉంటాయి. అది త్వరగా పాకుతుంది, వెంటనే చికిత్స అందకపోతే ప్రాణం మీదకు వస్తుంది. మూడో రకమైన గ్యాస్ గాంగ్రీన్‌కు సాధారణంగా క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా కారణం. మట్టిలోనూ పేగుల్లోనూ ఉండే ఈ బ్యాక్టీరియా ఆక్సిజన్ అందని లోతైన గాయాలలో పెరిగి, కండరాలను చంపే విషపదార్థాలనూ, వాయువునూ విడుదల చేస్తుంది. అలాంటి చోట చర్మాన్ని నొక్కితే లోపల బుడగలు చిటపటలాడినట్లు చేతికి తెలుస్తుంది. ఇవి కాక అపెండిక్స్, పిత్తాశయం, పేగులు వంటి లోపలి అవయవాలకు కూడా గాంగ్రీన్ రావచ్చు.

షుగరు ఉన్నవారి పాదాలకే ఇది ఎక్కువగా ఎందుకు వస్తుందో కూడా తెలిసి ఉండాలి, పిల్లలు తప్పకుండా అడుగుతారు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే రక్తనాళాలే కాదు, పాదాలలోని నాడులు కూడా దెబ్బతింటాయి. నాడులు దెబ్బతిన్న పాదానికి నొప్పి తెలియదు. చెప్పు కరిచినా, ముల్లు దిగినా, వేడి తగిలినా మనిషికి తెలియకుండానే పుండు లోతుకు వెళ్లిపోతుంది. పొగ తాగడం రక్తనాళాలను ఇంకా ఇరుకు చేస్తుంది.

ఈ వివరాలన్నీ పిల్లలకు అప్పజెప్పడానికి కాదు. అయితే మీ ఇంటి మనిషికి వచ్చినది ఏ రకమో తెలియకపోతే "తాతయ్యకు తగ్గుతుందా?" అన్న మొదటి ప్రశ్నకే మీరు తడబడతారు. కాబట్టి పిల్లలతో కూర్చోక ముందే డాక్టరును అడిగి తెలుసుకోండి: ఇది ఏ రకం, రక్తప్రసరణను మళ్లీ సరిచేసే వీలుందా, తీయవలసివస్తే ఎంతవరకు తీస్తారు, ప్రాణానికి ముప్పు ఉందా.

రెండో అడుగు: వారికి ఇప్పటికే ఏం తెలుసో అడగండి

"తాతయ్య కాలికి ఏమైందని నువ్వు అనుకుంటున్నావు?" అని అడిగి, ఊరుకోండి. మధ్యలో సరిదిద్దకండి. "తాతయ్యను కోసేస్తారట" అన్నారంటే వారికి మనిషికీ వేలికీ తేడా తెలియలేదన్నమాట. "కాలు పీకేస్తారట" అన్నారంటే, తాతయ్య మెలకువగా ఉండగా, ఏడుస్తుండగా అది జరుగుతుందని ఊహించుకుంటున్నారన్నమాట. ఏ భయాన్ని ముందు తీర్చాలో ఈ జవాబులే చెబుతాయి. ఏమీ తెలియదని భుజాలు ఎగరేసే పిల్లలు నిజంగా ఏమీ వినలేదని మాత్రం అనుకోవద్దు.

మాట్లాడటానికి నిద్రపోయే వేళను ఎంచుకోకండి. పగటి పూట, మీకు తొందర లేని సమయంలో, పక్కపక్కన కూర్చుని ఏదైనా పని చేసుకుంటూ మాట్లాడితే పిల్లలు ఎక్కువ అడుగుతారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రకటన చేసినట్లు చెబితే బిగుసుకుపోతారు.

మూడో అడుగు: రక్తంతో మొదలుపెట్టండి

ఇక్కడ మాటల కన్నా ఒక చిన్న ప్రయోగం బాగా పనిచేస్తుంది. పిల్లల చేతులు వెచ్చగా ఉన్నప్పుడు, ఒక వేలి గోరును రెండో చేతి వేలితో ఐదు సెకన్ల పాటు గట్టిగా నొక్కి పట్టుకోమనండి. వదిలిన క్షణంలో గోరు కింద తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోగా గులాబీ రంగు తిరిగి నిండుతుంది. ఆ తెలుపు రక్తం పక్కకు జరిగిన గుర్తు, ఆ గులాబీ రంగు రక్తం తిరిగి వచ్చిన గుర్తు. ఒంటి రంగు ఏదైనా గోరు కింద ఈ మార్పు కనబడుతుంది. డాక్టర్లు కూడా రక్తప్రసరణ ఎలా ఉందో చూడటానికి ఇదే పద్ధతి వాడతారు. చేయి చల్లగా ఉంటే రంగు రావడం ఆలస్యమవుతుంది, అది చూసి పిల్లలు బెంబేలెత్తిపోవచ్చు. వెచ్చని చేతులతో చేయించమన్నది అందుకే. వేలికి దారం గాని రబ్బరు బ్యాండు గాని చుట్టి చూపించే ప్రయోగం మాత్రం ఎప్పుడూ చేయకండి, మీరు లేనప్పుడు వారే చేసుకుంటారు.

గోరు మళ్లీ ఎర్రబడిన తర్వాత చెప్పండి: "చూశావా, రక్తం ఎంత తొందరగా వచ్చేసిందో! మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌నూ, తిన్న తిండిలోని బలాన్నీ రక్తమే ఒళ్లంతా మోసుకెళ్తుంది. వేలికీ, చెవికీ, కాలికీ అన్నిటికీ అది కావాలి." పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుందనీ, విశ్రాంతిగా ఉన్నప్పుడు అది ఒళ్లంతా ఒక చుట్టు తిరిగి రావడానికి దాదాపు ఒక నిమిషం పడుతుందనీ చెబితే, అంకెలంటే ఇష్టపడే పిల్లలు దాన్నే పట్టుకుంటారు, భయం కొంత వెనక్కు తగ్గుతుంది.

పోలిక ఒకటి వాడాలనుకుంటే చెట్టు కొమ్మను వాడండి: నీరు అందని కొమ్మ ఎండిపోయినా చెట్టు బతికే ఉంటుంది, ఎండిన కొమ్మను తీసేస్తే మిగతా చెట్టుకు మేలే. అయితే కొమ్మ మళ్లీ చిగురిస్తుంది, మనిషి వేలు మళ్లీ మొలవదు. ఆ తేడాను అక్కడికక్కడే చెప్పకపోతే పిల్లలు నెలల తరబడి తాతయ్య వేలు కోసం ఎదురుచూస్తారు.

నాలుగో అడుగు: జబ్బు పేరు చెప్పి, వయసుకు తగినట్లు వివరించండి

పేరు దాచకండి. గాంగ్రీన్ అన్న మాటను మీ నోటితో మామూలుగా అంటే, తర్వాత ఎక్కడ విన్నా పిల్లలు ఉలిక్కిపడరు.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు మూడు నాలుగు వాక్యాలు చాలు. "తాతయ్య కాలి వేలికి రక్తం వెళ్లే దారి మూసుకుపోయిందమ్మా. రక్తం అందక ఆ వేలు పాడైపోయింది. దాన్ని గాంగ్రీన్ అంటారు. తాతయ్యను బాగుచెయ్యడానికి డాక్టర్లు చూస్తున్నారు." ఈ వయసులో అదే ప్రశ్న పదిసార్లు అడుగుతారు. మీరు చెప్పింది అర్థం కాక కాదు, జవాబు మారలేదు కదా అని చూసుకోవడానికి. కాబట్టి ప్రతిసారీ అవే మాటల్లో చెప్పండి.

"వేలు నిద్రపోయింది" అని మెత్తగా చెప్పాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. దయచేసి అలా చెప్పకండి. నిద్రపోయినదాన్ని తీసేస్తారని విన్న నాలుగేళ్ల పిల్లకు ఆ రాత్రి ఎలా నిద్రపడుతుంది?

ఆరు నుంచి తొమ్మిదేళ్ల వారికి "చచ్చిపోయింది" అన్న మాటనే వాడవచ్చు, వాడాలి కూడా. చాలామంది పిల్లలకు చావు నుంచి వెనక్కు రావడం ఉండదన్న అవగాహన ఐదు నుంచి ఏడేళ్ల మధ్య ఏర్పడుతుంది. "వేలిలో చర్మం, లోపలి కండ చచ్చిపోయాయి. తాతయ్య బతికే ఉన్నారు. చచ్చిపోయిన భాగం మళ్లీ బతకదు, పైగా దానిలో క్రిములు చేరితే మిగతా కాలికి కూడా పాకవచ్చు" అని చెప్పినప్పుడు, మొదటి రెండు వాక్యాల మధ్య కొంచెం ఆగండి. వేలు చావడం వేరు, మనిషి చావడం వేరు అన్న సంగతి ఆ విరామంలోనే వారి మనసులో కుదురుకుంటుంది.

పదేళ్లు దాటినవారికి ధమనులు, నాడులు, బ్యాక్టీరియా అన్నీ చెప్పవచ్చు. బొమ్మ గీసి చూపిస్తే ఇంకా మంచిది: గుండె నుంచి పాదం దాకా ఒక గొట్టం, చివరన సన్నబడినచోట ఒక అడ్డు. కుళ్లిపోయిన గాయాల ఫోటోలు మాత్రం మీరుగా చూపించకండి. వారు వాటి కోసం వెతుకుతారని అనిపిస్తే, ముందే "అందులో కనబడేవి చాలా ముదిరిపోయిన కేసులు, తాతయ్యది అలా లేదు" అని చెప్పండి, అది నిజమైతేనే.

ఐదో అడుగు: అడగని మూడు ప్రశ్నలకు జవాబు ఇవ్వండి

ఏ పెద్ద జబ్బు విషయంలోనైనా పిల్లల మనసులో మూడు ప్రశ్నలు మెదులుతాయి, పైకి అడిగినా అడగకపోయినా. ఇది నా వల్ల వచ్చిందా? నాకు కూడా వస్తుందా? ఇక నన్ను ఎవరు చూసుకుంటారు?

మొదటిది అన్నిటికన్నా లోతుగా దాక్కుంటుంది. ఎప్పుడో బొమ్మ కారును తాతయ్య పాదం మీద నడిపిన పిల్లవాడు, కోపంలో "నువ్వు నాకొద్దు" అన్న పిల్ల, ఆ పనివల్లే ఇదంతా జరిగిందని గట్టిగా నమ్మవచ్చు. "నువ్వు చేసిన పని వల్ల గాని, అన్న మాట వల్ల గాని, అనుకున్నదాని వల్ల గాని ఇది రాలేదు" అని, అడగకపోయినా చెప్పండి. ఈ మూడింటినీ విడివిడిగా అనండి.

ఈ అపరాధభావం గురించే ఇంకొక జాగ్రత్త. షుగరు ఉన్నవారి పాదాలను రోజూ పరీక్షించాలని డాక్టర్లు చెబుతారు. అరికాలు చూసుకోవడానికి అద్దం తెచ్చివ్వడం వంటి సాయం పిల్లలు సంతోషంగా చేస్తారు, చేయనివ్వండి. పాదాన్ని కనిపెట్టి ఉండే బాధ్యత మాత్రం పెద్దలదే కావాలి. ఒక పుండు వారి కంట పడకుండా పోయిందనుకోండి, దానికి తామే కారణమని ఏళ్ల తరబడి కుమిలిపోతారు.

రెండో ప్రశ్నకు జవాబు సులువు. గాంగ్రీన్ జలుబులా ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. తాతయ్యను కౌగిలించుకోవచ్చు, పక్కన కూర్చోవచ్చు, చేయి పట్టుకోవచ్చు. పుండును, కట్టును మాత్రం ముట్టుకోకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తాతయ్య పుండులో కొత్త క్రిములు చేరకుండా ఉండటానికి కూడా అది అవసరమని చెబితే ఇష్టంగా కడుక్కుంటారు. మూడో ప్రశ్నకు వివరాలే ఓదార్పు: ఆపరేషన్ రోజున బడి నుంచి ఎవరు తీసుకొస్తారు, రాత్రి ఎవరి దగ్గర పడుకుంటారు, అమ్మ ఎప్పుడు తిరిగి వస్తుంది అన్నవి ముందే చెప్పండి.

ఆరో అడుగు: చికిత్సను దాచకుండా చెప్పండి

చచ్చిన కణజాలాన్ని శస్త్రచికిత్సతో తొలగించడం, ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్స్ ఇవ్వడం, వీలైనచోట యాంజియోప్లాస్టీతోనో (ఇరుకైన రక్తనాళాన్ని లోపలి నుంచి వెడల్పు చేయడం) బైపాస్‌తోనో (అడ్డును తప్పించి రక్తానికి వేరే దారి వేయడం) రక్తప్రసరణను మళ్లీ సరిచేయడం చికిత్సలో ముఖ్య భాగాలు. కొందరికి, ముఖ్యంగా గ్యాస్ గాంగ్రీన్ వచ్చినవారికి, ఎక్కువ పీడనం ఉన్న గదిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చే చికిత్సను కూడా జతచేస్తారు. కొన్ని దేశాలలో శుభ్రమైన ప్రయోగశాలలో పెంచిన ఈగ పురుగులను పుండు మీద వదిలి, చచ్చిన కణజాలాన్ని వాటిచేత తినిపించే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో 2004లో దీనికి అధికారిక అనుమతి లభించింది. పెద్దలు ముఖం చిట్లించే ఈ సంగతి పదేళ్ల పిల్లలకు అన్నిటికన్నా నచ్చుతుంది.

వేలు గాని కాలు గాని తీయవలసివస్తే ముందే చెప్పండి. ఆపరేషన్ అయ్యాక దుప్పటి కింద ఖాళీని పిల్లలే కనిపెట్టే పరిస్థితి రానివ్వకూడదు. "తాతయ్యకు మత్తుమందు ఇస్తారు. అది మామూలు నిద్ర కాదు, ఎంత కోసినా నొప్పి తెలియనివ్వని మందు. పాడైన భాగాన్ని డాక్టర్లు తీసేసి, కుట్లు వేసి, కట్టు కడతారు. మెలకువ వచ్చాక నొప్పి ఉంటుంది, దానికీ మందులు ఇస్తారు." ఎంతవరకు తీస్తారో మీ కాలి మీద చేత్తో చూపించండి. పాడైన వేలు కన్నా కొంచెం పైనుంచి ఎందుకు తీస్తారని అడిగితే, గాయం మానాలంటే రక్తం బాగా అందే చోట కోయాలని చెప్పండి. గోరు ప్రయోగం గుర్తున్న పిల్లలకు ఇది వెంటనే తడుతుంది.

"తీసిన కాలును ఏం చేస్తారు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కోప్పడకండి. ఆసుపత్రివారు దాన్ని జాగ్రత్తగా, నియమాల ప్రకారం పంపించివేస్తారని చెప్పండి. లేని కాలు నొప్పి పెడుతోందని తాతయ్య అనవచ్చని కూడా ముందే హెచ్చరించండి. కాలు లేకపోయినా ఆ కాలికి సంబంధించిన నాడులూ, మెదడులోని భాగమూ పనిచేస్తూనే ఉంటాయి కనుక అలా అనిపిస్తుంది. తాతయ్యకు మతి తప్పలేదు, అబద్ధమూ ఆడటం లేదు.

ఏడో అడుగు: ఆసుపత్రికి తీసుకెళ్లే ముందు

వస్తావా రావా అని అడగండి, రానన్నా బలవంతం చేయకండి. వస్తానంటే అక్కడ ఏం కనబడుతుందో ముందే చెప్పండి: చేతికి సన్నని గొట్టం, కాలికి లావైన కట్టు, తాతయ్య మగతగా ఉండటం. వాసన ఉంటే దాన్ని కూడా చెప్పండి, ఎందుకంటే పిల్లలు అందరి ముందూ "ఏమిటీ కంపు?" అని అడిగేస్తారు, తర్వాత సిగ్గుతో ముడుచుకుపోతారు. కట్టు మార్చే సమయంలో మాత్రం లోపల ఉంచకండి. మొదటిసారి కొద్ది నిమిషాలు చాలు.

ఎనిమిదో అడుగు: పెద్ద పిల్లలకు కొంత చరిత్ర

తమ ఈడు వారి కథ ఒకటి ఉంటే పిల్లలు చెవి ఒగ్గి వింటారు, గాంగ్రీన్ విషయంలో అలాంటిది నిజంగానే ఉంది. 1865 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ల కుర్రవాడి కాలి మీదుగా బండి చక్రం వెళ్లింది. ఎముక విరిగి, చర్మం కూడా చీలింది. ఆ రోజుల్లో అలాంటి గాయాలు తరచుగా చీముపట్టి, గాంగ్రీన్‌కు దారితీసి, కాలు తీసివేయడంతోనో చావుతోనో ముగిసేవి. జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ క్రిములను చంపే కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో ఆ గాయాన్ని కప్పాడు. చీము పట్టలేదు. సుమారు ఆరు వారాలకు ఎముక అతుక్కుంది, కుర్రవాడి కాలు దక్కింది. లిస్టర్ తన ఫలితాలను 1867లో ప్రచురించాడు. క్రిములను గాయంలోకి రానివ్వకపోతే కాలు దక్కుతుందన్న సంగతి అప్పటి డాక్టర్లలో చాలామంది నమ్మలేదని చెప్పండి. పెద్దలు కూడా పొరబడతారని వినడం పిల్లలకు సరదా. మొదటి ప్రపంచ యుద్ధంలో పశువుల ఎరువు కలిసిన పొలాల మట్టి గాయాలలో చేరి ఎందరో సైనికులకు గ్యాస్ గాంగ్రీన్ వచ్చిన సంగతీ, 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనిపెట్టిన సంగతీ దీనికి కొనసాగింపుగా చెప్పవచ్చు.

తొమ్మిదో అడుగు: తమ ఒంటి గురించి నేర్పవలసినవి

భయపెట్టకుండా నేర్పవలసినవి కొద్దిగానే ఉన్నాయి. దెబ్బ తగిలితే, ముఖ్యంగా మట్టిలో పడితే, దాచకుండా చెప్పాలి. తిట్లు పడతాయన్న భయం ఉంటే దాస్తారు కనుక ముందు ఆ భయాన్ని తీసేయవలసింది మనమే. గాయాన్ని శుభ్రమైన నీటితో బాగా కడగాలి. వేళ్లకు దారాలు, రబ్బరు బ్యాండ్లు బిగించి ఆడకూడదు. పసిపిల్లల కాలి వేలికి ఒక్క వెంట్రుక చుట్టుకున్నా రక్తం ఆగి వేలు పోయే ప్రమాదం ఉంది. ఆపకుండా ఏడుస్తున్న పసిబిడ్డ వేళ్లను చూడాలన్న సంగతి పెద్దలు కూడా గుర్తుంచుకోవాలి.

గాయం చుట్టూ రంగు మారడం, ఆ భాగం చల్లబడటం, స్పర్శ పోవడం, వాపు పాకడం, పొక్కులు, దుర్వాసన, జ్వరం, కంటికి కనబడే గాయానికి పొంతన లేనంత నొప్పి కనిపిస్తే, అది ఎవరికైనా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నలుపు రంగు ఒంటి మీద చర్మం రంగు మార్పు తొందరగా తెలియదు, కాబట్టి చల్లదనాన్నీ, స్పర్శనూ, వాసననూ ఎక్కువ పట్టించుకోవాలి.

పదో అడుగు: తర్వాతి వారాలు

పిల్లలు బొమ్మ కాలికి గుడ్డ చుడతారు, బొమ్మ కాలు విరగ్గొడతారు, ఆపరేషన్ ఆట ఆడతారు. ఆడనివ్వండి, విన్నదాన్ని వారు అలాగే అరిగించుకుంటారు. కొన్నాళ్లు పక్క తడపడం, మిమ్మల్ని వదలకపోవడం, తమ వేళ్లను పదేపదే చూసుకోవడం జరగవచ్చు. ఇవి వారాలు గడిచినా తగ్గకపోయినా, నిద్రకూ తిండికీ బడికీ అడ్డుపడుతున్నా పిల్లల డాక్టరునో, పిల్లల మానసిక నిపుణులనో కలవండి.

తాతయ్య పరిస్థితి విషమిస్తే, "తప్పకుండా తగ్గిపోతుంది" అని మాట ఇవ్వకండి. "డాక్టర్లు చాలా ప్రయత్నిస్తున్నారు, అయినా తాతయ్య చనిపోయే అవకాశం ఉంది. ఏమైనా నీకు ముందు మేమే చెబుతాం" అనండి. ఆ చివరి వాక్యాన్ని నిలబెట్టుకోవాలంటే, ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు పిల్లలకు కబురు ఎవరు చెప్పాలో ఇంట్లో ముందే అనుకుని ఉంచండి.